కస్తూరి పొయ్యి

ఆ పొయ్యిని మేము తోమకుండా ఉండాల్సింది.

కానీ ఆఫీసు మనిషి వస్తుందని తెలిశాక తోమకుండా ఎలా ఉంటాం? మా మామగారు మింట్ వీధిలో పసుపు, మిరపకాయల కొట్టు నడిపిన రోజుల్లో, పన్నుల ఆఫీసరు వస్తాడని కబురు రాగానే కొట్టంతా కడిగించి, తక్కెడకు పసుపు రాసి కుంకం పెట్టించేవారు. చూడవచ్చిన మనిషికి మురికి కనబడకూడదు. అది మా ఇంటి పద్ధతి. అందుకని నేనూ, నా తోడికోడలు కస్తూరీ కలిసి, అటక మీద పాత దుప్పటిలో చుట్టిపెట్టిన ఆమె గ్యాసు పొయ్యిని దించి, చింతపండు, సోడా వేసి అద్దంలా మెరిసేదాకా తోమాం. గట్టు మీద ముగ్గు వేసి, పొయ్యికి బొట్టు కూడా పెట్టాం.

కరోనా రెండోసారి ఊరిమీద పడిన వేసవి అది. బియ్యం కార్డు ఉన్న ప్రతి ఇంటికీ ప్రభుత్వం రెండు విడతలుగా డబ్బూ, ఒక సంచీడు వెచ్చాలూ ఇస్తామంది. ఇల్లు అంటే వాళ్ళ లెక్కలో కార్డు. మాకున్నది ఒకటే కార్డు. అందులో పైన నా పేరు, మంగ అని. కింద మా అబ్బాయి ప్రదీప్, కోడలు సింధూరి. ఇంకా కింద కస్తూరి, ఆమె కూతురు సునయన.

నిజానికి మేము రెండిళ్ళవాళ్ళం. మా ఆయనా, మా మరిదీ కొట్టు విషయంలో పేచీ పడి విడిపోయినప్పుడు ఇంటిని కూడా పంచుకున్నారు. హాలు మధ్యలో ఇనప బీరువా అడ్డం పెట్టారు. వీధివైపు కస్తూరికి వేరే తలుపు పెట్టించారు. "ఇంక వేరే వండుకోండి" అన్నారు, మేము వేరే వండుకున్నాం. నాకూ ఆమెకూ మధ్య ఏ పేచీ లేదు. ఎందుకు వేరే వండాలని ఇద్దరిలో ఎవరమూ అడగలేదు, అంతే. ఆ తర్వాత మగవాళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. వాళ్ళ పేచీ కూడా వాళ్ళతోనే పోయింది. కార్డును విడగొట్టే తీరిక ఎవరికీ కలగలేదు, బీరువాను జరిపే తీరికా కలగలేదు.

మొదటి లాక్‌డౌనులో ఒక సాయంత్రం కస్తూరి సిలిండరు అయిపోయింది. బీరువా పక్క సందులోంచి "అక్కా, అన్నం సగం ఉడికినాది" అని పిలిచింది. "గిన్నె ఇట్నే తెచ్చేయ్" అన్నాను. ఆ గిన్నె మళ్ళీ అవతలికి పోలేదు. ఒక్క సిలిండరుతో నలుగురికీ గడిస్తే ఆ మేరకు మిగులుతుంది కదా అనుకున్నాం. సింధూరి కాన్పుకని నెల్లూరు పోయి ముందు బస్సులు లేక, తర్వాత చంటిబిడ్డతో రాలేక అక్కడే ఉండిపోయింది. ప్రదీప్‌కు అంబత్తూరు ఫ్యాక్టరీలో సగం జీతం. స్కూటరు అప్పుకు బ్యాంకువాళ్ళు కొన్నాళ్ళు వాయిదా కట్టక్కరలేదన్నారు గానీ వడ్డీ మాత్రం దాని పాటికి అది పెరిగింది. అయినా ఆ ఏడాది నేను మనసులో ఎంత నిశ్చింతగా ఉన్నానో ఎవరికీ చెప్పలేదు. చెబితే పోతుందేమోనని భయం. మా అమ్మను ఆస్పత్రి బండి ఎక్కించినప్పుడు వీధి మలుపు దాకా చూస్తూ నిలబడినదాన్ని. మా ఆయనను ఎక్కించినప్పుడూ అక్కడే నిలబడ్డాను. పోయినవాళ్ళెవరూ తిరిగి రాని ఇంట్లో, కస్తూరి ఒక్కతే తిరిగి వచ్చింది.

అవసరం వాళ్ళదే ఎక్కువ. కస్తూరి తన వైపు ముందు గదిలో గాజులు, రిబ్బన్లు, పూసలు అమ్ముతుంది. పెళ్ళిళ్ళు లేవు, సీమంతాలు లేవు, కొట్టు తెరిచే అనుమతి లేదు. వీధి వ్యాపారులకు అప్పు ఇస్తున్నారంటే పోయి అడిగింది. ఇంట్లో పెట్టుకున్నది వీధి వ్యాపారం కాదన్నారు. చిన్న పరిశ్రమలకు సాయమంటే అక్కడా అడిగింది. గాజులమ్మడం పరిశ్రమ కాదన్నారు. సునయన టి. నగర్‌లో ఒక చీరల కొట్టులో బిల్లులు వేసేది. తెరిచాక కబురు చేస్తామని పంపేశారు. ఇంక మిగిలింది కార్డు ఒక్కటే. వేరే కార్డు ఉంటే ఆ సాయం వాళ్ళకూ వస్తుంది, నెలనెలా బియ్యమూ వస్తుంది. సునయన ఫోనులోనే అర్జీ పెట్టింది.

"పెద్దమ్మా, నీ ఫోనుకి ఓటీపీ వచ్చుంటాది, సీక్రం చెప్పు," అంది ఒకరోజు.

పొట్లాల కాగితాలూ, బస్సుల మీది బోర్డులూ చదువుకుని అక్షరాలు పట్టుకున్నదాన్ని నేను. చేతికొచ్చిన దేన్నైనా చివరిదాకా చదవనిదే వదలను. ఆ మెసేజీ కూడా మొత్తం చదివాను. పాత కార్డులోంచి రెండు పేర్లు తీసేయడానికి అని ఉంది.

"తీసేస్తే మళ్ళీ చేర్చేదానికి అవుతుందా?"

"ఎందుకు చేర్చేది? మాకు వేరే కార్డు వస్తాది గదా."

"రాకపోతే? ఈడా లేక, ఆడా లేక..."

"అయ్యో పెద్దమ్మా! టైము దాటితే ఆ నెంబరు చెల్లదు. చెప్పు!"

కస్తూరి చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే, "చెప్పు అక్కా, పిల్ల అడుగుతాంది గదా," అంది.

చెప్పాను. ఆ సాయంత్రానికే మా కార్డులో వాళ్ళ పేర్లు లేవు. కొత్త కార్డు రావాలంటే ఆఫీసు నుంచి మనిషి వచ్చి, వేరే వంట ఉందో లేదో కంటితో చూసి రాయాలి. ఆమె కాదని రాస్తే కస్తూరీ, సునయనా ఏ కార్డులోనూ లేని మనుషులవుతారు.

వచ్చినామె పేరు పొన్నుతాయి. యాభై దాటి ఉంటుంది. రెండు మాస్కులు, ఎండకు నల్లబడిన చేతులు, చంకలో కాగితాలు పెట్టుకునే అట్ట. గడప దగ్గర చెప్పులు విడిచి, నీళ్ళు అడిగి, మాస్కు కొంచెం జరుపుకుని తాగింది. మాట్లాడింది తమిళంలోనే. మాకు తమిళం పరాయి భాషేమీ కాదు.

"ఎవరమ్మా కస్తూరి? మీ వంట ఎక్కడ?"

కస్తూరి ఆమెను తన వైపు తీసుకుపోయింది. నేను బీరువా సందులో నిలబడ్డాను. పొన్నుతాయి పొయ్యి ముందు వంగి, బర్నరు మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకుంది.

"ఇది ఎప్పుడు కొన్నారు?"

"చాలా ఏండ్లయిందమ్మా," అంది కస్తూరి.

"చాలా ఏళ్ళ పొయ్యి మీద పాలు పొంగిన మచ్చ కూడా లేదే! మా ఇంట్లో పొయ్యి కొని ఆరు నెలలు కాలేదు, చూస్తే ఏడుపొస్తుంది."

"తోమినామమ్మా. మీరు వస్తారని."

"నేనొస్తానని దీనికి బొట్టు కూడా పెట్టారా?" అని పొన్నుతాయి గ్యాసు పుస్తకం అడిగి తీసుకుని తిప్పింది. ఏడాదికి పైగా అందులో ఒక్క సిలిండరు కూడా రాయలేదు. తర్వాత నా వైపు వచ్చి, పొయ్యి మీది అన్నం గిన్నె మూత ఎత్తి చూసింది. "మీ ఇంట్లో ఎంతమంది?" అని నన్ను అడిగింది.

"నేనూ, మా అబ్బాయీ."

"ఇద్దరికి ఇంత అన్నమా?"

కస్తూరికి ఏమి తోచిందో, చీర కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. "మాకిద్దరికీ పడదమ్మా," అంది. "ముందు నుంచీ పడదు. ఈమెతో వేగలేకనే వేరే వండుకుంటాండాము."

సునయన నన్ను మోచేత్తో పొడిచింది. నేనూ ఏదో ఒకటి అనాలి.

"అవునమ్మా," అన్నాను. "ఈమె... ఈమె చారులో ఉప్పు ఎక్కువ వేస్తాది."

"నేనా? ఎప్పుడు?" కస్తూరి నా వైపు తిరిగింది, నిజంగానే అడిగింది. "నిన్న చారు బాగుందని రెండుసార్లు పోసుకున్నావే!"

సునయన నుదురు కొట్టుకుంది. పొన్నుతాయి మాస్కు వెనక నవ్వింది. భుజాలు కదిలితే తెలిసింది.

"తగువాడడం కూడా తెలీదు మీకు. మా అత్తా నేనూ అయితే కొత్తిమీర కట్ట కోసం వీధి నిండా వినబడేట్టు అరుచుకుంటాం." కొంచెంసేపటికి నవ్వు ఆపి అట్ట మూసింది. "నేను కళ్ళతో చూసిందే రాయాలి. చూసింది ఒక పొయ్యే."

"అమ్మా, ఉన్న పేర్లు తీసేసినారు," అంది కస్తూరి. "ఇప్పుడు మాకు ఏదీ లేదు. మేము నిజంగా వేరే దాన్, వేరే ఇల్లే. ఈ జబ్బు కాలంలోనే కలిసి వండుకున్నాము."

పొన్నుతాయి మమ్మల్నిద్దరినీ చూసింది. "ఈ వారమంతా ఈ వీధుల్లోనే తిరుగుతా. చెప్పకుండా ఒకరోజు వస్తా. రెండు పొయ్యిలు వెలుగుతుంటే రెండని రాస్తా. లేకుంటే నేనేం చెయ్యలేను," అని చెప్పులు వేసుకుంది.

ప్రదీప్ ఆ రాత్రే సిలిండరుకు చెప్పాడు. మర్నాడు అది రాగానే కస్తూరి తన గిన్నెలు, పోపుల పెట్టె, రోలు, అన్నీ అవతలికి మోసుకుపోయింది. ఒక్కొక్కటీ పోతుంటే నేను లెక్కపెట్టకూడదని గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

సునయన గట్టి కట్టడి చేసింది. "ఈడ గిన్నె ఆడికి, ఆడ గిన్నె ఈడికి రాకూడదు. ఆమె ఎప్పుడొస్తాదో తెలీదు."

నేను ఇద్దరికి వండడం మరిచిపోయాను. మొదటి రోజు అన్నం మిగిలింది, రెండో రోజు చాలలేదు. అవతల పోపు వేసిన చప్పుడు వినబడగానే "ఏం చేస్తాండావే?" అని అడిగేదాన్ని. "వంకాయ" అని గొంతు వచ్చేది. "నేనూ వంకాయే" అనేదాన్ని. ఒకే బండివాడి దగ్గర ఒకే వంకాయలు కొని, రెండు చోట్ల కోసుకుని, రెండు చోట్ల వేయించుకుని తిన్నాం. ఇద్దరమూ ఇందుకు నవ్వుకున్నాం గానీ, మూడో రోజు ఉదయం ఆమె పని చేసుకుంటూ కూనిరాగం తీయడం విన్నాను. నా వంటింట్లో ఉన్న ఏడాదిలో ఆమె కూనిరాగం తీయగా నేను ఎప్పుడూ వినలేదు. నా పక్కన నిలబడి తరిగింది, కడిగింది, అడిగినదల్లా అందించింది. ఇప్పుడు బీరువా అవతల ఆమె సొంతంగా వండుతోంది. ఆమెకు అది ఇష్టంగా ఉందని నాకు తెలిసింది. కార్డు వస్తే ఇంక ఇలాగే ఉంటుంది. రాకపోతే గిన్నెలన్నీ మళ్ళీ నా వైపు వస్తాయి. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే భయం వేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆ పొన్నుతాయిని తొందరగా పంపమని దండం పెట్టుకున్నాను.

నాలుగో రోజు తెల్లవారి కస్తూరికి జ్వరం వచ్చింది. పది గంటలకల్లా సునయనకూ వచ్చింది. వీధి చివర కార్పొరేషనువాళ్ళ జ్వరం శిబిరం ఉంటే ప్రదీప్ ఇద్దరినీ తీసుకుపోయి పరీక్ష చేయించాడు. ఫలితం రావడానికి రెండు రోజులన్నారు. వాళ్ళు వెనక గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. ప్రదీప్ ఫ్యాక్టరీకి సెలవు చెబితే ఆ సగం జీతం కూడా రాదు. "నువ్వు ఆ గది దగ్గరికి పోవద్దమ్మా, బయట స్టూలు మీద పెట్టి వచ్చేయ్," అని పదిసార్లు చెప్పి, ముక్కు దాకా మాస్కు కట్టి, వెళ్ళాడు.

నేను నా పొయ్యి మీద నలుగురికీ సరిపడా అన్నం గిన్నె పెట్టాను. చెయ్యి దానంతట అదే పెద్ద గిన్నెను అందుకుంది. నీళ్ళు పోసి, లైటరు పట్టుకుని, ఆగిపోయాను.

ఆ పొన్నుతాయి ఈ రోజు వస్తే?

బీరువా అవతల కస్తూరి పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. పొన్నుతాయి వచ్చి చూస్తే ఒకే పొయ్యి, ఒకే గిన్నె, అందులో నలుగురి అన్నం. మళ్ళీ అదే కనబడుతుంది. ఈసారి ఆమె కాదని రాసేసి పోతుంది. తప్పు ఎవరిదీ కాదు. నేను ఏమీ చెయ్యక్కరలేదు. అట్లా నిలబడి ఉంటే చాలు.

పెద్ద గిన్నె దించాను. చిన్న గిన్నె పెట్టి మా ఇద్దరికీ బియ్యం పోసి పొయ్యి వెలిగించాను. బీరువా సందులోంచి నడుము పక్కకు తిప్పుకుని అవతలికి పోయాను. ఆమె డబ్బాలో బియ్యం, ఆమె గిన్నె, ఆమె పొయ్యి. నా చేత్తో నేను ఏనాడూ ముట్టించని ఆ పొయ్యిని ముట్టించాను. ఆమె మిరియాలు ఎక్కడ పెడుతుందో వెతుక్కోవలసి వచ్చింది. నా వైపు అన్నం పొంగితే ఇటు పరుగెత్తాను. ఆమె వైపు చారు కాగితే అటు పరుగెత్తాను. మోకాళ్ళు పట్టేశాయి. మాస్కులోపల చెమటలు కారుతున్నాయి. మూసిన తలుపు వెనక కస్తూరి దగ్గుతోంది. దగ్గిన ప్రతిసారీ గరిటె ఆపి విన్నాను.

ఆ రోజు పొన్నుతాయి రాలేదు. మర్నాడూ అలాగే వండాను. రాలేదు. ఫలితం వచ్చింది, ఇద్దరికీ ఉందని. ఊపిరి బాగానే ఉంది, ఇంట్లోనే ఉండి మందులు వేసుకోమన్నారు. ఆ తర్వాతి రోజు, నేను కస్తూరి పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని ఉండగా వీధిలోంచి పిలుపు వినబడింది.

"లోపలికి రావద్దమ్మా!" అని అరిచాను. "ఇంట్లో జబ్బు ఉంది. ఆడనే ఉండండి."

ఆమె మెట్టు దిగి నిలబడింది. కస్తూరి వైపు తలుపు, నా వైపు తలుపు రెండూ తెరిచే ఉన్నాయి. అక్కడి నుంచే రెండు మంటలూ కనబడతాయి. పొన్నుతాయి మెడ చాచి ఇటు చూసింది, అటు చూసింది.

"ఆమె ఏదమ్మా?"

"వెనక గదిలో. తల్లీ కూతురూ ఇద్దరూ పడుకుని ఉండారు."

"మరి ఇక్కడ వండేది ఎవరు?"

"నేనే."

"అక్కడ?"

"ఆడా నేనే."

"ఈ వయసులో అటూ ఇటూ పరుగెత్తే బదులు ఒక గిన్నెలో వేసి దించేయొచ్చు గదా," అంది పొన్నుతాయి.

"దించేయొచ్చు. దించితే మీరు ఒక ఇల్లు అని రాస్తారు," అన్నాను. అని ఊరుకోలేకపోయాను. "ఇది ఆమె ఇల్లమ్మా. ఆమె పడుకున్నాదని ఇల్లు లేకుండా పోతుందా? ఆమె లేచేదాకా నేను చూసుకుంటాండా. అంతే."

అటు చారు పొంగి బుస్సుమంది. పరుగెత్తి మంట తగ్గించి వచ్చేసరికి పొన్నుతాయి అట్ట మీద రాస్తోంది. రాసి, తల ఎత్తి, "కుటుంబ తలైవి పేరు ఆమె నోటితో చెప్పాలి," అంది. ఇంటికి పెద్ద ఎవరో ఆ మనిషే చెప్పుకోవాలట.

"గొంతు పోయిందమ్మా ఆమెకు. నేను చెప్తా."

"మీరు చెబితే చెల్లదు."

నేను వెనక్కి తిరిగి పిలవబోయాను. ఈలోగా మూసిన తలుపు వెనక మంచం కిర్రుమంది. గోడ పట్టుకుని లేచినట్టుంది.

"కస్తూరి!" అని వినబడింది. బొంగురు గొంతు. దగ్గు వచ్చింది. దగ్గు అయ్యాక మళ్ళీ, ఈసారి వీధికి కూడా వినబడేట్టు, "కస్తూరి!"

మా ఇంట్లో ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

"చాలు, చాలు. పడుకోమనండి," అంది పొన్నుతాయి. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "పొయ్యి ఇప్పుడు బాగుందమ్మా. తోమకండి," అంది.

గది బయట స్టూలు మీద చారన్నం పెట్టి దూరంగా జరిగాను. తలుపు కొంచెం తెరుచుకుంది.

"ఏం రాసింది అక్కా?"

"రెండని."

ఆమె చెయ్యి చాపి గిన్నె తీసుకుంది. లోపల ఒక ముద్ద తిన్న చప్పుడు అయింది. "చారులో ఉప్పు వేసినావా?" అని అడిగింది.

"నీకు జ్వరం. నోటికి తెలీదు."

"అట్లయితే సరే. నువ్వే మరిచిపోయినావేమో అనుకున్నా," అంది. లోపల సునయన నవ్వింది. ఆ నవ్వు విన్నాక గానీ నేను గోడకు ఆనుకుని కూర్చోలేకపోయాను.

జ్వరాలు తగ్గాయి. కార్డు వచ్చింది. రెండో విడత సాయం వాళ్ళకూ అందింది. వెచ్చాల సంచి ఇంటికి వచ్చిన మర్నాడు ఎవరో మా వీధి తలుపు కొట్టారు. తీస్తే కస్తూరి. బీరువా సందులోంచి ఒక్క కేక వేస్తే సరిపోయే మనిషి, వీధిలోకి దిగి, చుట్టూ తిరిగి వచ్చింది. ఇంకా చిక్కిపోయే ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుంది.

"మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం," అంది. "నువ్వూ ప్రదీపూ రావాల."

ఇన్నేళ్ళలో ఆమె నన్ను భోజనానికి పిలవడం అదే మొదటిసారి. కలిసి ఉన్నప్పుడు పిలవాల్సిన పనిలేదు. విడిపోయాక పిలిచే ధైర్యం లేదు.

నేను చీర మార్చుకుంటుంటే ప్రదీప్ నవ్వాడు. "ఏందమ్మా, పక్క గదికి పోయేదానికి పట్టుచీరా?"

"నోరు మూసుకుని చొక్కా మార్చుకో. పిలిచినారు మనల్ని."

వీధిలోంచే పోయాం. ఆమె ముందు గదిలో గాజుల పెట్టెలు ఒక పక్కకు సర్ది చాప వేసింది. అన్నం లావు బియ్యమే, కార్డు బియ్యం. పప్పు, వంకాయ, చారు. నేను అలవాటుగా గరిటె కోసం చెయ్యి చాపితే, ఆమె గరిటె వెనక్కి లాక్కుంది.

"నువ్వు కూర్చో అక్కా. ఈడ నేను వడ్డిస్తా."

కూర్చున్నాను. ఆమె వంగి వడ్డించింది, పక్కన నిలబడి నేను తినడం చూసింది. సగం తినేసరికి మళ్ళీ అన్నం పట్టుకుని వచ్చింది.

"చాలే," అన్నాను.

"మా ఇంట్లో చాలంటే వినము," అంది కస్తూరి.

నేను పళ్ళెం ముందుకు జరిపాను.